సౌదీ నుంచి బావ మృతదేహం తేవాలి, ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు: ముందు ఏం చేయాలి?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీది ఉదయగిరి దగ్గర పల్లె. రియాద్‌లో తొమ్మిదేళ్లుగా ఒకే కంపెనీలో పనిచేస్తున్న మీ బావ మూడు రోజుల కిందట క్యాంపు గదిలో నిద్రలోనే పోయారు. గుండెపోటని డాక్టర్లు రాశారు. అక్కకు ఇంకా చెప్పలేదు, సీరియస్‌గా ఉంది, ఆస్పత్రిలో చేర్చారు అని మాత్రం చెప్పారు. ఆయన్ని పంపిన ఏజెంటు ఫోన్ చేసి, నాలుగు లక్షలు పంపితే వారంలో బాడీ తెప్పిస్తానన్నాడు. మీ నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు మాట్లాడి వచ్చారు. డబ్బు పంపాలా వద్దా, బీమా ఏమైనా వస్తుందా అని అడిగావు.

పంపొద్దు. అప్పు సంగతి పక్కన పెట్టి, రేపు పొద్దున్నే అక్కకు నిజం చెప్పండి.

ఈ మాట కఠినంగా ఉంటుందని తెలుసు. మన వైపు అందరం ఇలాగే చేస్తాం. ఆమె తట్టుకోలేదని, పెట్టె వచ్చే రోజు పొద్దున చెబుదామని అనుకుంటాం. కానీ ఇంటికి పంపమంటారా, అక్కడే ఖననం చేయమంటారా, మీ తరఫున అక్కడ ఎవరు సంతకాలు పెడతారు అనేది చట్టప్రకారం వారసులు రాసివ్వాలి. పెళ్లయిన మనిషికి ముందు వారసురాలు భార్యే. ఆ సమ్మతి పత్రం అందకుండా రియాద్‌లోని మన ఎంబసీ ఎన్‌ఓసీ (పంపడానికి అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వదు. ఎన్‌ఓసీ లేకుండా మార్చురీ నుంచి మనిషి కదలడు. అంటే అక్కకు చెప్పకుండా గడిచే ప్రతి రోజూ బావ అక్కడ ఐసులో ఉండే రోజే.

నేను పంతొమ్మిదేళ్లు సౌదీలో డ్రైవర్‌గా చేశాను. 2011లో మా పెద్దన్న దమ్మామ్‌లో పోయాడు. నేను అప్పుడు సెలవు మీద ఆత్మకూరులోనే ఉన్నాను. వదినకు తొమ్మిది రోజులు చెప్పలేదు. రోజూ సాయంత్రం ఆవిడ ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేది. ఇక కాగితం పంపక తప్పదని, ఒక రాత్రి తీసుకెళ్లి, బ్యాంకు పని, ఇక్కడ సంతకం పెట్టు వదినా అన్నాను. చదువుకున్న మనిషి. మా అన్న పేరు ముందు ఉన్న 'లేట్' అనే మాట మీద ఆవిడ వేలు ఆగిపోయింది. అలా తెలిసింది ఆవిడకు. ఆ పాపం నాదే. నువ్వు ఆ పని చేయొద్దు. మీ అమ్మను, అక్కకు దగ్గరైన ఒక ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మాటల్లోనే చెప్పండి.

ఆ తర్వాత మాకు ఇంకో దెబ్బ తగిలింది. అన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. వదిన పేరు పాస్‌పోర్టు చివరి పేజీలో ఒక రకంగా, ఆవిడ ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. మేము ఆధార్ చూసి రాయించాం. పత్రం రెండుసార్లు వెనక్కి వచ్చింది. అన్న ఇంటికి చేరడానికి 47 రోజులు పట్టింది. అందులో సౌదీ ప్రభుత్వం వల్ల అయిన ఆలస్యం తక్కువ, మా ఇంట్లో అయిన ఆలస్యమే ఎక్కువ.

అందుకే చెబుతున్నాను, సమ్మతి పత్రం రాయించేటప్పుడు బావ పాస్‌పోర్టు కాపీ ముందు పెట్టుకోండి. దాని మీద ఎలా ఉంటే అలాగే, ఒక్క అక్షరం మారకుండా. పాస్‌పోర్టు నంబరు, అకామా (అక్కడ ఉండి పనిచేసేందుకు ఇచ్చే అనుమతి కార్డు) నంబరు, కంపెనీ పేరు ఉండాలి. నమూనా ఎంబసీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, అదే వాడండి. అక్క ఆధార్‌లో పేరు వేరుగా ఉంటే, రెండు పేర్లూ ఒకే మనిషివి అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి జత చేయండి. బావ తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి వాళ్ల చేత కూడా సంతకం పెట్టించండి. వాళ్ల వైపు నుంచి అభ్యంతరం వచ్చిందంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఆ పత్రంలో అక్కడ పనులు చూసే మనిషిగా ఎవరి పేరు రాయాలన్నది బాగా ఆలోచించండి. ఏజెంటు పేరు గానీ, అతను చెప్పిన మనిషి పేరు గానీ వద్దు. బావ గదిలో ఉండే తెలుగువాళ్లలో నమ్మకమైన ఒకరు, అకామా చెల్లుబాటులో ఉన్న మనిషి అయితే చాలు. రియాద్‌లో ఇలాంటి పనులు చూసే మనవాళ్లు ఉంటారు, డబ్బు తీసుకోరు. ఎంబసీలో అడిగితే వాళ్లే కలుపుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. బాడీ పంపడానికి ఒప్పుకునే పత్రం వేరు, ఆయనకు రావాల్సిన డబ్బు తీసుకునే అధికారం ఇచ్చే పత్రం వేరు. రెండూ ఒకే కాగితంలో కలిపి తెస్తే సంతకం పెట్టొద్దు. 'మాకు కంపెనీ నుంచి ఏమీ రావాల్సింది లేదు' అనే వాక్యం ఎక్కడ కనబడినా కొట్టేయించండి. ఖాళీ స్టాంపు కాగితం మీద అక్క వేలిముద్ర గానీ సంతకం గానీ పడకూడదు. దుఃఖంలో ఉన్న మనిషి ఏ కాగితం పెట్టినా సంతకం పెట్టేస్తుంది. ఆ పూట నువ్వు ఆమె పక్కనే ఉండు.

ఇప్పుడు ఖర్చు సంగతి. మీ బావది కంపెనీ ఉద్యోగం, అకామా ఉంది. సౌదీ కార్మిక చట్టం 40వ ఆర్టికల్ ప్రకారం, పనిలో ఉన్న మనిషి చనిపోతే మృతదేహాన్ని సిద్ధం చేసి, ఒప్పందం జరిగిన చోటికో, మనిషిని తీసుకొచ్చిన చోటికో పంపే ఖర్చు యజమానిదే. కుటుంబం ఒప్పుకుని అక్కడే ఖననం చేస్తే తప్ప ఇందులో మినహాయింపు లేదు. అక్కడి సామాజిక బీమా సంస్థ ఆ ఖర్చు భరిస్తే యజమాని మీద పడదు, అంతే. ఏ దారిలో చూసినా ఆ బిల్లు మీ ఇంటికి రాదు. ఎంబామింగ్ (శరీరం చెడిపోకుండా మందు పట్టించడం), పెట్టె, విమానం ఛార్జీ అన్నీ అందులోనే వస్తాయి.

ఏజెంటును ఒకటే అడుగు. ఈ నాలుగు లక్షలు దేనికి ఎంత, ఏ రసీదు ఇస్తావు అని. ఎంబామింగ్‌కు రసీదు ఉంటుంది, పెట్టెకు బిల్లు ఉంటుంది, విమానానికి ఎయిర్‌వే బిల్లు ఉంటుంది. ఆ ఎయిర్‌వే బిల్లు మీద ఛార్జీ బయల్దేరిన చోటే కట్టారా లేదా అనేది రాసి ఉంటుంది. మా అన్న పోయినప్పుడు ఒక మధ్యవర్తికి రెండు లక్షలు కట్టాం. ఆరు నెలల తర్వాత అన్న స్నేహితుడు సెలవుకు వచ్చి చెప్పాడు, అవన్నీ కఫీల్ (అక్కడి యజమాని) ముందే కట్టేశాడని. ఆ అప్పు తీర్చడానికి వదినకు నాలుగేళ్లు పట్టింది. బర్రెల్ని అమ్ముకుంది.

కంపెనీ ముదీర్ (మేనేజర్) కుదరదంటే, లేదా రోజులు సాగదీస్తుంటే, నువ్వు చేయాల్సింది రెండు. ఎంబసీకి మెయిల్ పెట్టు, అదే రోజు విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చెయ్యి. 2015 నుంచి ఉంది అది. ఫిర్యాదుకు ఒక నంబరు వస్తుంది, ఎవరి దగ్గర ఆగిందో కనబడుతుంది. ఫోన్‌లో ఎంత మొత్తుకున్నా మిగలని రుజువు దానితో మిగులుతుంది.

యజమాని లేనివాళ్ల సంగతి వేరు. విజిట్ వీసా మీద వెళ్లి ఉండిపోయినవాళ్లు, ఆజాద్ వీసా వాళ్లు (పేరుకు ఒక కఫీల్, పని వేరే చోట), కఫీల్ హురూబ్ పెట్టినవాళ్లు (పారిపోయాడని ఫిర్యాదు చేసినవాళ్లు), కువైట్‌కు ఇరవై నంబరు వీసా, అంటే ఇంటిపని వీసా మీద వెళ్లి ఆ ఇంటి నుంచి బయటకొచ్చేసి వేరే చోట చేసుకునే మన రాపూరు, ఉదయగిరి ఆడవాళ్లు. వీళ్లకు ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. 2009లో కేంద్రం పెట్టింది, ఎంబసీల చేతిలో ఉంటుంది. యజమానీ కట్టక, బీమా లేక, కుటుంబానికి శక్తి లేకపోతే ఆ ఫండ్ నుంచి మృతదేహం పంపే ఖర్చు పెడతారు. కుటుంబ పరిస్థితి రాసి ఎంబసీకి దరఖాస్తు ఇవ్వాలి. దీన్ని దానం అనుకుని సిగ్గుపడేవాళ్లను చూశాను. ఆ ఫండ్‌లోకి వచ్చే డబ్బు, గల్ఫ్‌లో మనవాళ్లు పాస్‌పోర్టు రెన్యువల్ లాంటి పనులకు ఎంబసీలో కట్టే ఫీజు మీద కొద్దికొద్దిగా వసూలు చేసినదే. మన చెమటే అది. అడగండి.

దుబాయ్ వైపు వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. ఒకప్పుడు అక్కడి నుంచి వచ్చే మన మనిషిని తక్కెడలో పెట్టి కిలోకు ఇంత అని ఛార్జీ వేసేవారు. ఎంతోమంది అడగ్గా అడగ్గా 2019లో ఎయిర్ ఇండియా ఆ పద్ధతి తీసేసి, యూఏఈ నుంచి పెద్దవాళ్లకు 1,500 దిర్హాములు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు 750 అని ఒకే ధర పెట్టింది. ఎవరైనా బరువు లెక్క చెబితే ఈ సంగతి గుర్తుంచుకోండి. యూఏఈలో హిందువులకు దహనానికి ఏర్పాటు కూడా ఉంది, చితాభస్మం మాత్రమే తెచ్చుకునే కుటుంబాలు ఉన్నాయి. సౌదీలో దహనం లేదు. మన ముస్లిం సోదరుల్లో చాలామంది అక్కడి మట్టిలోనే ఉంచమంటారు. దానికీ ఇంటి నుంచి సమ్మతి పత్రం వెళ్లాల్సిందే.

బీమా గురించి అడిగావు. ప్రవాసీ భారతీయ బీమా యోజన 2003లో మొదలైంది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద, అంటే పనికి వెళ్లే ముందు ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాల్సిన పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకు తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాదంలో పోతే పది లక్షలు వస్తుంది. కానీ మీ బావది గుండెపోటు. పైగా తొమ్మిదేళ్ల కిందట కట్టిన పాలసీ, రెన్యువల్ చేయించి ఉండకపోతే గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. దీని మీద ఆశ పెట్టుకుని అక్కకు మాట ఇవ్వకు. రోడ్డు ప్రమాదంలోనో, సైట్ మీద నుంచి పడో పోయినవాళ్ల ఇళ్లలో మాత్రం ఆ పాలసీ కాగితం వెతికి తీరాలి. గల్ఫ్‌లో ఇంకా ఉన్నవాళ్లు ఈ రాత్రే తమ పాలసీ తేదీ చూసుకోండి, ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు.

బీమా లేకపోయినా మీ బావకు ఖాయంగా రావాల్సింది సర్వీసు డబ్బు. సౌదీ చట్టంలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ పైన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం. తొమ్మిదేళ్లకు రెండున్నర నెలలు, నాలుగు నెలలు కలిపి ఆరున్నర నెలల జీతం. చివరి జీతం 1,800 రియాళ్లు అనుకుంటే 11,700 రియాళ్లు. ఆగిన జీతం, వాడుకోని సెలవుల డబ్బు దీనికి అదనం. గదిలోవాళ్లతో మాట్లాడి ఆయన చివరి జీతం స్లిప్పు, బ్యాంకు మెసేజ్‌లు ఫొటో తీయించి పెట్టుకో. బాడీ వచ్చాక కంపెనీ ఫోన్ ఎత్తడం తగ్గిపోతుంది. ఈ డబ్బు ఎంబసీ ద్వారా వారసులకు చేరే పద్ధతి ఉంది. దానికి తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. మీసేవలో ఇప్పుడే దరఖాస్తు పెట్టు.

అక్కడ జరిగే పని క్లుప్తంగా చెబుతాను. ఆస్పత్రి రిపోర్టు, పోలీసు రిపోర్టు, అహ్వాల్ (జనన మరణాలు నమోదు చేసే ఆఫీసు) నుంచి మరణ ధ్రువపత్రం, ఎంబసీలో మరణం నమోదు, పాస్‌పోర్టు రద్దు, ఎన్‌ఓసీ, జవాజత్ (పాస్‌పోర్టు ఆఫీసు) నుంచి ఎగ్జిట్, ఎంబామింగ్, విమానం. సహజ మరణం, కాగితాలు సరిగా ఉన్నాయి అంటే నేను చూసినవాటిలో ఎక్కువ భాగం రెండు మూడు వారాల్లో వచ్చాయి. వారంలో తెప్పిస్తానన్న ఏజెంటు మాటకు అర్థం లేదు. ప్రమాదం, ఆత్మహత్య, గొడవ అయితే విచారణ ముగిసేదాకా ఆగాలి, నెలలు పట్టినవీ ఉన్నాయి.

ఈ రోజుల్లో ఇంట్లో పరిస్థితి గురించి కూడా చెప్పాలి. మన ఊళ్లలో శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు. ఒక్క రోజుకు పెట్టుకున్న ఆచారం అది, ఇరవై రోజులకు కాదు. చుట్టుపక్కలవాళ్లు రెండు పూటలు తెస్తారు, తర్వాత వాళ్లకూ ఇబ్బంది. పెద్దవాళ్లతో మాట్లాడి పొయ్యి వెలిగించండి. అక్క పిల్లలిద్దర్నీ నాలుగు రోజులాగి బడికి పంపండి. మా అన్న కొడుకు ఆ 47 రోజులూ గడప దగ్గరే కూర్చున్నాడు, ఏ బండి శబ్దం వినబడినా లేచేవాడు.

విమానం ఖాయమయ్యేటప్పుడు చెన్నైకి పంపమని అడగండి. మీకు అదే దగ్గర. ఎవరూ వెంట రానక్కర్లేదు, పెట్టె ఒక్కటే కూడా వస్తుంది. ఎయిర్‌వే బిల్లులో తీసుకునే మనిషి పేరు నీది రాయించుకో, నీ ఆధార్‌లో ఉన్నట్టే. ఆ కాపీ వాట్సాప్‌లో రాగానే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి (విదేశాల్లోని మనవాళ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) పంపు. మన రాష్ట్రంవాళ్ల మృతదేహాలకు విమానాశ్రయం నుంచి ఇంటిదాకా వాళ్లు ఉచిత అంబులెన్స్ ఇస్తారు. విమానం దిగాక చెబితే లాభం లేదు, ముందే చెప్పాలి. అప్పుడు డ్రైవర్ నంబరు నీకు వస్తుంది. లేదంటే అక్కడ ప్రైవేటు బండివాళ్లు చుట్టుముడతారు, ఆ స్థితిలో బేరం ఆడే ఓపిక ఎవరికీ ఉండదు.

చెన్నైలో ప్రయాణికులు బయటికొచ్చే గేటు దగ్గర నిలబడొద్దు. మా బంధువులు ఒకసారి మూడు గంటలు అక్కడే ఏడుస్తూ నిలబడ్డారు. పెట్టె వచ్చేది మీనంబాక్కం కార్గో కాంప్లెక్స్‌కు. ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారి క్లియరెన్స్, కస్టమ్స్ క్లియరెన్స్ అయ్యాక ఇస్తారు. 2023 ఆగస్టు నుంచి ఆ ఆరోగ్య క్లియరెన్స్ ఈకేర్ అనే పోర్టల్‌లో ఆన్‌లైన్ అయింది. కాగితాలు అక్కడి నుంచే ఎక్కిస్తారు కాబట్టి మునుపటిలా టేబుల్ టేబుల్‌కూ తిరగాల్సిన పని తగ్గింది. అయినా మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, ఎన్‌ఓసీ, రద్దయిన పాస్‌పోర్టు, ఇవన్నీ మూడేసి కాపీలు తీసుకెళ్లు. ఇద్దరు మనుషుల్ని తీసుకెళ్లు, ఒకరికి తమిళం వస్తే మేలు. పెట్టె మీద ఉన్న పేరు, పాస్‌పోర్టు నంబరు నీ కళ్లతో చదివాకే సంతకం పెట్టు. పెట్టెలు తారుమారై ఒకరి మనిషి ఇంకొకరి ఊరికి పోయిన సంఘటనలు జరిగాయి.

తడ, నాయుడుపేట, గూడూరు దాటి నెల్లూరు చేరడానికి మూడున్నర, నాలుగు గంటలు. అక్కడి నుంచి ఉదయగిరికి ఇంకో రెండు గంటలు వేసుకో. నెల్లూరు దాటాక ఇంటికి ఫోన్ చెయ్యి, అప్పుడు అక్కడ మనుషులు సిద్ధంగా ఉంటారు.

పెట్టె గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. చాలా బరువు ఉంటుంది, లోపల జింకు రేకు ఉంటుంది. ఎనిమిది మంది మగవాళ్లు కావాలి. గుమ్మంలోంచి లోపలికి పట్టకపోవచ్చు, వాకిట్లో బల్లలు వేసి ఉంచండి. మేకులు తీయడానికి సుత్తి, రేకు కోయడానికి పనిముట్టు ముందే తెచ్చిపెట్టుకోండి. మా వాకిట్లో అన్న పెట్టె ముందు అందరం నిలబడి, సుత్తి కోసం ఒక కుర్రాడిని వీధిలోకి పరిగెత్తించాం. మూత తీయగానే మందు వాసన ఘాటుగా వస్తుంది, కళ్లు మండుతాయి. మొదట నువ్వూ, ఇంకో పెద్దమనిషీ గ్లౌజులు వేసుకుని తెరవండి, ముఖం చూసి మీ మనిషే అని రూఢి చేసుకోండి. కొద్దిసేపు గాలి ఆడనివ్వండి. ముఖం రంగు మారి ఉంటుంది, కొంచెం ఉబ్బి ఉండొచ్చు. అక్కకు ఆ మాట ముందే మెల్లగా చెప్పి అప్పుడు తీసుకురండి. ఆమె చూడాలి. చూడనివ్వకపోతే ఏళ్ల తరబడి ఆ పెట్టెలో ఉన్నది ఆయనేనా అని అడుగుతూనే ఉంటారు, అలాంటివాళ్లు నాకు తెలుసు. పిల్లల సంగతి ముఖం చూశాక మీరే నిర్ణయించుకోండి. ఎంబామింగ్ చేసిన శరీరానికి స్నానం చేయించొద్దు, నాలుగు చుక్కల నీళ్లు చల్లి పసుపు కుంకుమ పెడితే చాలు. దహనమైతే ఆ పెట్టెతో పాటు చితి మీద పెట్టకూడదు, రేకు కాలదు, బయటికి తీయాలి. ఖననమైతే పెట్టెతోనే చేయొచ్చు, గొయ్యి మాత్రం ఆ కొలతకు వెడల్పుగా తవ్వించండి.

ఆ తర్వాత పంచాయతీలో మళ్లీ మరణ ధ్రువపత్రం కోసం తిరగొద్దు. మరణం జరిగింది అక్కడ కాబట్టి ఎంబసీ ఇచ్చిన మరణ నమోదు పత్రమే చెల్లుతుంది. బ్యాంకుకు, ఎల్ఐసీకి, అక్క వితంతు పింఛనుకు అదే చూపించాలి. అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకు.

రియాద్ ఎంబసీ ఆదివారం నుంచి గురువారం వరకు పనిచేస్తుంది. వాళ్ల పొద్దున తొమ్మిది మనకు పదకొండున్నర. నువ్వు రాసింది మంగళవారం రాత్రి. ఈ రాత్రే గదిలోవాళ్లను అడిగి బావ పాస్‌పోర్టు అన్ని పేజీలూ, అకామా ఫొటో తెప్పించుకో. రేపు పొద్దున అక్కకు చెప్పండి, సాయంత్రంలోగా పత్రం రాయించి నోటరీ చేయించండి. గురువారం పదకొండున్నరకల్లా అది ఎంబసీ మెయిల్‌లో ఉండాలి, లేకపోతే మళ్లీ ఆదివారమే. నోటరీకి ఇచ్చే ముందు రాసిన పత్రం ఫొటో ఇక్కడ పెట్టు, నంబర్లు చెరిపేసి పెట్టు. నేను మేలుకునే ఉంటాను, చదివి తప్పులుంటే చెబుతాను.